కాలి హార్మోనియం, కరెంటు శ్రుతి

పాత హార్మోనియం పైపలక విప్పగానే ఓ వాసన ముక్కుకి తగులుతుంది. లక్క పాలిష్, చెమ్మ పట్టిన తోలు, పురుగు చేరకుండా వేసిన కర్పూరం, ఇత్తడి కిలుము, అన్నీ కలిసిన వాసన. ఈ మధ్య ఒక కుటుంబం వాళ్లు తమ పెద్దాయన పోయాక, కాళ్లతో తొక్కుతూ వాయించే ఆయన కాలి హార్మోనియాన్ని బాగుచేయించడానికి మా దగ్గరికి తెచ్చారు. పలక తీసిన క్షణంలో పద్యనాటకాల రాత్రులు, శ్రుతిపెట్టె మీద జరిగిన వాదనలు, కీబోర్డులు కొత్తగా వచ్చినప్పటి కంగారు, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి.

వాయించడాన్ని సులువు చేసే పెట్టె ఏది వచ్చినా, "ఇది అసలు సంగీతమేనా?" అన్న ప్రశ్న దాని వెనకే వచ్చింది. ఆ ప్రశ్న అడిగినవాళ్లని చాదస్తులని నేనెప్పుడూ అనుకోలేదు. అయితే ఊరికే అవుననో కాదనో తేల్చేస్తే ఏమీ తెలియదు. ఆ పెట్టె మనిషి చేతిలోంచి ఏ పని తీసుకుంది, ఏ పని చేతికే వదిలింది అని విప్పి చూడాలి. ఇన్నేళ్లూ మా బల్ల మీద జరిగింది ఆ విప్పి చూడడమే.

రీడు మీద గీత

రీడు అంటే ఓ ఇత్తడి పలక. దాని మధ్యలో సన్నని గాడి. గాడి మీద ఒక కొసన రివెట్టు కొట్టి బిగించిన ఇత్తడి నాలుక. గాలి పోతుంటే నాలుక ఆ గాడిలోంచి లోపలికీ బయటికీ ఊగుతుంది. శ్రుతంతా నాలుక పొడవు, మందాల్లోనే ఉంది. కొస దగ్గర గీకితే బరువు తగ్గి శ్రుతి పైకి పోతుంది. రివెట్టు దగ్గర గీకితే బిగువు తగ్గి శ్రుతి కిందికి దిగుతుంది. ఇదొక్కటి అర్థమైతే పనిలో సగం వచ్చినట్టే. మిగతా సగం ఓపిక.

రీడు తీసి, నాలుక కింద బ్లేడు ముక్క దూర్చి, అది వంగకుండా ఆనించి, మొనదేలిన గీకుడు సూదితో ఒకటో రెండో గీతలు. అంతే. ఎక్కువ గీకితే మళ్లీ రెండో వైపు గీకాలి, అలా రెండు మూడుసార్లయితే నాలుక పల్చబడి గొంతు పీలగా తయారవుతుంది. గీకగానే విని నిర్ణయానికి రాకూడదు. చేతి వేడికి, రాపిడికి ఇత్తడి వెచ్చబడి ఉంటుంది, చల్లారాక శ్రుతి కాస్త పైకి జరుగుతుంది. పైగా బల్ల మీద ఊది విన్నదానికీ, పెట్టెలో బిగించాక విన్నదానికీ తేడా ఉంటుంది. అందుకే ప్రతి రీడునీ లోపల పెట్టి, పైపలక మూసి, అప్పుడు వినేవాళ్లు. ఒక్కో మెట్టుకి, అంటే వేలితో నొక్కే ఒక్కో పట్టీకి, రెండు వరసల రీడ్లుంటాయి, ఒకటి బేస్, ఒకటి మేల్. ముందు ఒక వరసంతా పూర్తి చేసి, రెండో వరసని దానికి ఎక్కించాలి. రెండూ కలిపి నొక్కినప్పుడు "వాఁ వాఁ" మని ఊగకుండా నిలకడగా నిలబడితే ఆ మెట్టు అయినట్టు. స నుంచి పై స దాకా ఒక స్థాయి. మూడున్నర స్థాయిల పెట్టెలో 42 మెట్లు. పెట్టె పూర్తయ్యేసరికి చెవి దిబ్బడేసేది.

తిత్తి కారుతోందో లేదో చూడ్డానికి వేరే పరికరం అక్కర్లేదు. గాలిదారి మూసే స్టాపర్లన్నీ మూసి, తిత్తి నిండా గాలి పట్టి వదిలేసి చూడాలి. నెమ్మదిగా దిగితే మంచిదే, గబుక్కున పడిపోతే మూలల్లో తోలు చిట్లింది. మెట్టు నొక్కకుండానే ఒక స్వరం మోగుతూ ఉంటే తొంభైపాళ్లు దాని కిందున్న స్ప్రింగు నీరసించి ఉంటుంది, లేదా మెట్టు కింద తోలు తునక పక్కకి జరిగి ఉంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని లేవవు. పక్కలు ఉప్పుకాగితంతో రుద్దమనేవాళ్లు చాలామంది. అలా చేస్తే ఎండాకాలం వచ్చేసరికి సందులు పడి మెట్లన్నీ గలగలమంటాయి. పెట్టెని ఎండ తగలని పొడిచోట రెండు రోజులు ఉంచడమే సరైన వైద్యం.

రాత్రంతా పద్యం

అలెగ్జాండర్ డెబెయిన్ 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న హార్మోనియం, కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే బరువైన సామాను. దాన్ని నేల మీద కూర్చుని వాయించే చేతిపెట్టెగా మార్చిన ఘనత కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్‌కి ఇస్తారు. భజన మందిరాల్లోకి, ఇళ్లలోకి ఆ చేతిపెట్టే వచ్చింది. మన నాటకాల వాళ్లు మాత్రం కాలి హార్మోనియాన్ని వదల్లేదు. దానికి కారణం ఉంది. కాళ్లు గాలి చూసుకుంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. కుడిచేయి నటుడి రాగాన్ని వెంటాడుతుంటే ఎడమచేయి కింది స్థాయిలో షడ్జ పంచమాలు (స, ప) పట్టుకుని ఉంటుంది. మైకులు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో పందిరి చివరిదాకా వినబడాలంటే ఆ నిండుదనం కావాలి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి సమాజం దగ్గర్నుంచి పరిషత్తు నాటకాల దాకా హార్మోనిస్టు లేని ప్రదర్శన ఊహించలేం. ఆయన కూర్చునేది వేదికకి ఓ పక్కన. చూపు మాత్రం నటుడి గొంతు మీదే. పద్యం ఎత్తుకోబోయే ముందు నటుడు కంటితో సైగ చేస్తాడు, ఈయన శ్రుతి అందిస్తాడు. పద్యం చివరి పాదం దాటాక రాగం సాగుతుంది. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ హార్మోనియం ఆ సందు కనబడకుండా నింపాలి. జనం "వన్స్ మోర్" అంటే అదే పద్యం మళ్లీ, ఈసారి ఇంకో సంగతితో.

ఒక్కో వేషానికి ఒక్కో శ్రుతి. కృష్ణుడు నాలుగున్నరలో పాడితే ధర్మరాజు నాలుగులో పాడొచ్చు, ఆడవేషం ఇంకా పైకి పోవచ్చు. ఒకే రాత్రిలో ఇన్ని శ్రుతులు మారాలంటే ఏ మెట్టు షడ్జమైనా మిగతా మెట్లు కుదరాలి. అందుకే స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి రీడ్లు గీకేవాళ్లు. హార్మోనియం మీద వచ్చిన ఆక్షేపణల్లో ఒక పెద్దదానికి మూలం ఈ సౌకర్యమే.

రాత్రి మంచుకి మెట్లు బరువెక్కేవి. లైట్ల చుట్టూ మూగిన పురుగులు పెట్టెలోకి లాగబడేవి. ఓ రెక్క ముక్క రీడు గాడిలో ఇరుక్కుంటే స్వరం ఆగిపోతుంది, లేదంటే జీరపోతుంది. అంకానికీ అంకానికీ మధ్య తెర దించిన ఆ కాసేపట్లో పలక ఎత్తి, సిగరెట్ పెట్టెలోని రేకు కాగితాన్ని నాలుక కిందకి తోసి లాగేవాళ్లు. నోటితో ఊదకూడదు, ఉమ్మి తడికి ఇత్తడి కిలుము పడుతుంది. ఆ కాగితం మడత చాలామంది హార్మోనిస్టుల జేబులో ఎప్పుడూ ఉండేది.

రేడియో గుమ్మం దగ్గర

నాటకాల్లో అంతటి స్థానం ఉన్న ఈ వాద్యానికి ఆకాశవాణిలో మాత్రం ప్రవేశం లేదు. 1940 మార్చి 1 నుంచి నిషేధం. రవీంద్రనాథ్ ఠాగూర్ దీనికి గట్టి వ్యతిరేకి. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫోల్డ్స్ కూడా అంతే. 1948లో విజయవాడ కేంద్రం మొదలైననాటికే నిషేధం నడుస్తోంది. 1971లో కొన్ని షరతులతో సడలించేదాకా అది సాగింది. పక్కవాద్యంగా ఒప్పుకున్నారు గానీ సోలోకి ఒప్పుకోలేదు.

హార్మోనియం శ్రుతి మన సంగీతానికి కుదరదన్న ఆక్షేపణ ఉత్త దురభిమానంతో పుట్టింది కాదు, లెక్కకి నిలుస్తుంది. స్థాయిని 1200 సెంట్లుగా పంచితే హార్మోనియంలో అంతర గాంధారం (గ) సరిగ్గా 400 దగ్గర పడుతుంది. తంబూరా తనంతట తాను పలికే అంతర గాంధారం 386 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్ల తేడా. కాగితం మీద చిన్నదే, చెవికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఒకటి శ్రుతిలో షడ్జం దాదాపు 261.6 హెర్ట్జ్. దాని అయిదో అనుస్వరం, అంటే అయిదు రెట్ల వేగంతో దాని లోపలే మోగే స్వరం, 1308. హార్మోనియం గాంధారం 329.6, దాని నాలుగో అనుస్వరం 1318. ఈ రెండూ ఒకదానితో ఒకటి పడక సెకనుకి సుమారు పదిసార్లు ఊగుతాయి. తంబూరా పక్కన హార్మోనియం పెట్టి గాంధారం పట్టినప్పుడు వినబడే గరగర ఇదే. పంచమం దగ్గర ఈ బాధ ఉండదు, 700కి 702, రెండే సెంట్లు.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలకడం. మెట్టుకీ మెట్టుకీ మధ్య హార్మోనియంలో దారి లేదు. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలవదు, అటూ ఇటూ ఊగుతూ పుడుతుంది. మంచి హార్మోనిస్టు పక్క మెట్లని గబగబా తాకి ఆ ఊగిసలాటని స్ఫురింపజేస్తాడు. వినేవాళ్లకి రాగం అందుతుంది, అయితే అందేది వాద్యంలో లేనిదాన్ని చెవి పూరించుకోవడం వల్ల. ఆ పూరించుకునేలా చేయడం కూడా కళే అంటాను నేను. అసలు రాగం తెలియనివాడు ఏ మెట్లు తాకాలో ఎంచుకోలేడు.

విదేశీ వాద్యం కాబట్టి పనికిరాదన్న వాదన మాత్రం నాకెప్పుడూ రుచించలేదు. వయొలినూ విదేశీదే. మెట్లు లేని మెడ కాబట్టి గమకం జారుతుంది, కాబట్టి కుదిరింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ సంగతీ అంతే. మామూలు మాండొలిన్‌కి జంట తీగలు ఎనిమిది, మీటిన శబ్దం వెంటనే ఆరిపోతుంది, గమకం మధ్యలోనే తెగిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలతో వాయించారు. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ వల్ల శబ్దం నిలబడింది, ఒంటి తీగ కాబట్టి వేలు లాగితే స్వరం సాఫీగా జారింది. అక్కడ కరెంటు గమకానికి చోటిచ్చింది. హార్మోనియంలో మెట్టు గమకానికి అడ్డుపడింది. రెంటినీ "యంత్రం" అని ఒకే గాటన కట్టడం అన్యాయం.

జీవా దారం, మూడు నాబ్‌లు

కరెంటు శ్రుతిపెట్టె రాకముందు పాఠం మొదలయ్యేది తంబూరా శ్రుతి చేయడంతో. నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ముందు సారణిని కావలసిన శ్రుతికి తేవాలి. అనుసారణిని దానితో కలపాలి, రెండూ వేర్వేరుగా వినబడకూడదు. తర్వాత మంద్రం, చివర పంచమం. పెద్ద తేడాలకి బిరడాలు, చిన్నవాటికి పూసలు. పూసని గుర్రం (తీగలు ఆనే దిమ్మ) వైపు నుంచి కిందికి లాగితే తీగ బిగుసుకుని శ్రుతి కాస్త పెరుగుతుంది. ఆఖరున జీవా. గుర్రం మీద తీగ కింద నూలు దారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ పోతే ఒక చోట తీగ గొంతు ఒక్కసారిగా విప్పారుతుంది. దారం ఇంకొంచెం జరిపితే మళ్లీ మూసుకుపోతుంది. దారం మందం మరీ ఎక్కువైతే ఎంత జరిపినా విప్పారదు, పోగులు తీసి పల్చన చేసుకోవాలి. కొత్త తీగ వేసిన రోజు శ్రుతి నిలవదు, తీగ సాగుతూనే ఉంటుంది. ఫ్యాను గాలి నేరుగా తగిలినా జారిపోతుంది.

ఇదంతా అయ్యేసరికి పిల్లల చెవి శ్రుతిలో మునిగి ఉండేది. గురువులు దాన్ని పాఠమని చెప్పేవాళ్లు కాదు గానీ అసలు పాఠం అదే.

అయితే తంబూరా ఎంతమందికి ఉండేది? ఉన్నా మీటే మనిషి ఎక్కడ? వంటింట్లో పని చేసుకుంటూ కీర్తన పాడుకునే అమ్మకి, ఒంటరిగా సాధన చేసుకునే కుర్రాడికి, వేళ్లు వంకర్లుపోయిన ముసలాయనకి తంబూరా అందని వస్తువే. తిత్తి శ్రుతిపెట్టె ఉన్నా ఒక చేయి దానికే అంకితం. నాగస్వరం మేళాల్లో ఒత్తు ఊదే మనిషి దొరక్క ఆ శ్రుతిపెట్టెనే తెచ్చుకున్నారు.

1979లో బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెని రూపొందించారు. ఆయన ఇంజనీరు, వేణువు విద్వాంసుడు కూడా. ఆ తరహా పెట్టెలు మన దగ్గరికి చేరాక సంగీతం ఉన్న ఇళ్ల రూపమే మారిపోయింది. నాబ్ తిప్పితే శ్రుతి, మీట నొక్కితే పంచమం బదులు మధ్యమం. మధ్యమ శ్రుతిలో పాడాలంటే తంబూరాలో పంచమం తీగని మధ్యమానికి దింపి మళ్లీ శ్రుతి చేసుకునే పని ఒక్క క్షణంలో అయ్యేది.

"దీనికి ప్రాణం లేదు" అన్నారు పెద్దలు. ఆ మాటలో నిజం ఉంది. మీటిన తీగ పుట్టి, పెరిగి, ఆరుతుంది. ఆ కదలికలో అనుస్వరాలు ఒక్కొక్కటి పైకి తేలతాయి, గాంధారం అందులోంచే వినబడుతుంది. మొదటి పెట్టెల్లో శబ్దం కదలకుండా ఒకే తీరున నిలబడి ఉండేది. తర్వాత మీటు వరసని అనుకరించే ఎలక్ట్రానిక్ తంబూరాలు, ఆ తర్వాత నిజం తంబూరాని రికార్డు చేసి నింపుకున్న డిజిటల్ పెట్టెలు వచ్చి ఆ లోటు చాలావరకు తీర్చాయి.

బాగుచేతకి వచ్చే పాత పెట్టెల్లో రోగాలు రెండు మూడే. నాబ్ తిప్పుతుంటే కరకరమంటే లోపలి వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవైసార్లు తిప్పితే సగం కేసులు అక్కడే తీరిపోతాయి. రెండోది వేడి. పెట్టగానే శ్రుతి చేసి వదిలేస్తే లోపలి భాగాలు వెచ్చబడేకొద్దీ జారుతుంది. పది నిమిషాలు నడవనిచ్చి అప్పుడు సరిచేసుకోవాలి. మూడోది కొన్ని పెట్టెల్లో బ్యాటరీ దిగేకొద్దీ శ్రుతి కిందికి రావడం. కరెంటు పోయిన రాత్రి ఇది ప్రమాదకరం. పాడేవాళ్లు తెలియకుండానే దానితో పాటు దిగిపోతారు, మళ్లీ కరెంటు వచ్చినప్పుడు గానీ తేడా బయటపడదు. శ్రుతి తప్పిందని చెవి చెప్పాలి, కానీ ఆ చెవిని తయారుచేసే తంబూరా పని అప్పటికే పెట్టె తీసేసుకుంది. పెద్దల భయంలో నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచింది ఇదే.

ఒక్క వేలితో వాద్యబృందం

1980లో కాసియో కంపెనీ కీబోర్డు కాసియోటోన్ మొదటి నమూనా వచ్చింది. మన పల్లెల దాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామానులో చిన్న కీబోర్డు ఉండేది. కార్డు అంటే కొన్ని స్వరాలు కలిసి ఒకేసారి మోగడం. ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కితే మేజర్ కార్డు, రెండు నొక్కితే మైనర్, మూడైతే సెవెంత్. రిథమ్ మీట నొక్కితే డ్రమ్స్, బేస్, గిటారు అన్నీ ఒక్కసారి లేచేవి. ఎప్పుడూ వాద్యం ముట్టనివాడు కూడా సాయంత్రానికి ఓ పాట వరస పలికించేవాడు. ఆ ఆనందాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. పాట వినడం తప్ప వేరే దారిలేని ఎంతోమంది చేతులు అప్పుడే మొదటిసారి మెట్ల మీద పడ్డాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ పెట్టెకి రాగం తెలియదు. హిందోళంలో పంచమం లేదు. షడ్జం మీద మేజర్ కార్డు నొక్కినా మైనర్ కార్డు నొక్కినా అందులో పంచమం ఉంటుంది. మేజర్ అయితే రాగంలో లేని అంతర గాంధారం కూడా చేరుతుంది. పైన వేలు హిందోళం వాయిస్తుంటే కింద బృందం ఇంకేదో వాయిస్తుంది. కార్డులు పూర్తిగా కట్టేసి, రిథమ్ ఒక్కటే ఉంచుకుని, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకోవడం దీనికి తేలికైన మందు. చెప్పగానే అర్థం చేసుకున్నవాళ్లున్నారు, "అప్పుడు బోసిగా ఉందండీ" అని మళ్లీ కార్డులు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అడాప్టర్ల వల్ల వచ్చే కేసులు లెక్కలేనన్ని. పాత కాసియోల్లో చాలావాటికి 9 వోల్టులు, పిన్ను నడిమి భాగం నెగటివ్. యమహాల్లో చాలావాటికి 12 వోల్టులు, నడిమి భాగం పాజిటివ్. పిన్ను రెంటిలోనూ దూరిపోతుంది కదా అని పెట్టేవాళ్లు. పెట్టె వెనక చిన్న బొమ్మ వేసి ఉంటుంది, చూసి పెట్టాలి. ఇంకో మామూలు జబ్బు కొన్ని మెట్లు మోగకపోవడం. మెట్ల కింద రబ్బరు పట్టీ, దాని అడుగున నల్లటి కార్బన్ చుక్కలు ఉంటాయి. దుమ్మో చెమటో చేరితే అవి బోర్డుని సరిగ్గా తాకవు. రబ్బరు విప్పి, బోర్డు మీది గీతల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవాలి. కార్బన్ చుక్కల్ని మాత్రం గట్టిగా రుద్దకూడదు, పొర లేచిపోతే ఆ రబ్బరు ఇక పనికిరాదు.

మాస్టారి కుడికాలు

పద్యనాటకాల్లో చాలాకాలం వాయించిన హార్మోనిస్టు ఒకాయనకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. చేతిపెట్టె వాయించాలంటే తిత్తికి ఎడమచేయి కావాలి. కాలి హార్మోనియం తొక్కాలంటే రెండు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆడాలి, ఒక్క కాలితో గాలి నిలకడగా రాదు. కుడిచేయి మాత్రం చెక్కుచెదరలేదు. కీబోర్డు తెచ్చి ముందు పెట్టారు కొడుకులు.

రీడ్ ఆర్గన్ శబ్దం ఎంచి, టచ్ తీసేశాం. టచ్ ఉంటే మెట్టు ఎంత గట్టిగా కొడితే అంత శబ్దం. హార్మోనిస్టు వేలు ఎప్పుడూ మెట్టుని కొట్టదు, తాకుతుంది. అందుకని టచ్ ఉన్నంతసేపూ సగం స్వరాలు వినబడకుండా పోయాయి. తర్వాత స్కేల్ ట్యూనింగ్, అంటే ఒక్కో మెట్టు శ్రుతిని విడిగా సవరించడం. సి షడ్జంగా పెట్టుకుని అంతర గాంధారం 14 సెంట్లు కిందికి, కాకలి నిషాదం 12 కిందికి, చతుశ్రుతి ధైవతం 16 కిందికి, సాధారణ గాంధారం 16 పైకి, పంచమం 2 పైకి. తంబూరా శబ్దం పెట్టి గాంధారం పట్టుకున్నారాయన. కళ్లు మూసుకుని చాలాసేపు వేలు తీయలేదు. జీవితమంతా సమభాగాల రీడ్ల మీద వాయించిన మనిషికి ఆ గరగర లేని గాంధారం తన వేలి కింద పలకడం అదే మొదలు.

కానీ పద్యం ఎత్తుకోగానే ఆపేశారు. "స్వరం వస్తోంది అబ్బాయ్, ఊపిరి రావట్లేదు" అన్నారు. నిజమే. హార్మోనియంలో బలం వేళ్లలో లేదు, గాలిలో ఉంది. రాగం పైకి వెళ్తుంటే కాలు ఒత్తుతుంది, పద్యం దిగుతుంటే సడలుతుంది. టచ్ తీసేసిన కీబోర్డులో అన్ని స్వరాలూ ఒకే ఎత్తున నిలబడతాయి.

ఆయన కుడికాలు బాగానే ఉంది. ఆ కాలి కింద వాల్యూమ్ పెడల్ పెట్టాం. ఆ చవక కీబోర్డుకి స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ రంధ్రం ఒక్కటే ఉంది, వాల్యూమ్‌కి లేదు. కాబట్టి హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తీగ తీసి పెడల్‌కి, పెడల్‌లోంచి ఆంప్లిఫయర్‌కి ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడ జాగ్రత్త కావాలి. హెడ్‌ఫోన్ రంధ్రం స్టీరియో. అందులో మోనో పిన్ను గుచ్చితే ఒక చానల్ నేరుగా ఎర్త్‌కి తగులుతుంది. స్టీరియో పిన్నే వేసి, ఎడమ చానల్ తీగ, ఎర్త్ తీగ కలిపి, మూడోదాన్ని ఎక్కడా తగలకుండా వదిలెయ్యాలి. పెడల్ మీదున్న మినిమమ్ నాబ్‌ని పావు వంతు దగ్గర పెట్టాం. సున్నాకి పెడితే మడమ ఆనగానే స్వరం తెగిపోతుంది, హార్మోనియం గాలి ఎప్పుడూ అలా తెగదు.

కొద్దిరోజుల్లో కాలు దారి కనుక్కుంది. ముంగాలు ఒత్తుతూ పద్యం నాలుగో పాదం మీదికి వెళ్లి, అక్కడ్నుంచి రాగంలోకి వదిలినప్పుడు పక్క గదిలో ఉన్నవాళ్లకి అది కీబోర్డని తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఎత్తుకోవడం, నింపడం, వదలడం అన్నీ ఆయనవే. పెట్టె తీసుకున్నది ఆయన చేయలేని పనిని మాత్రమే.

ఒక ఇబ్బంది మిగిలిపోయింది. శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ నొక్కితే కొన్ని కీబోర్డుల్లో ఈ సెంట్ల సవరణ కూడా దాంతో పాటు జరుగుతుంది, కొన్నిటిలో పాత మెట్ల దగ్గరే ఉండిపోతుంది. పుస్తకంలో ఇది సరిగ్గా రాయరు. తంబూరా పెట్టి, శ్రుతి మార్చి, గాంధారం నొక్కి ఆ ఊగిసలాట ఉందో లేదో వింటేనే తేలుతుంది.

ఫ్లాపీ, ప్యాడ్, ట్రాక్

పందిళ్లలో పాటకచేరీల కథ వేరు. ఒకప్పుడు వేదిక మీద వయొలిన్లు, ఫ్లూటు, తబలా, ఢోలక్, అకార్డియన్ ఉండేవి. కీబోర్డు వచ్చి తీగల వాద్యాలన్నిటినీ తనలో కలిపేసుకుంది. తర్వాత ఆక్టోప్యాడ్. ఎనిమిది పలకలు, రెండు కర్రలు, ఒకే మనిషి డప్పు, ఢోలక్, తబలా, డ్రమ్స్ అన్నీ కొట్టేవాడు. ఖర్చు తగ్గి చిన్న ఊళ్లకి కూడా కచేరీలు వెళ్లాయి. అదే సమయంలో ఢోలక్ కొట్టే చేతులు ఇంట్లో కూర్చున్నాయి. ఈ రెండూ ఒకేసారి నిజం.

ప్యాడ్ కొట్టడం తేలికనుకునేవాళ్లు దాన్ని కొట్టి చూడలేదు. ఒక పలక కొడితే పక్క పలక కూడా మోగడం, బేస్ స్పీకర్ అదురుకి ఎవరూ కొట్టకుండానే మోగడం మామూలు తలనొప్పులు. స్టాండుని స్పీకర్‌కి దూరంగా జరిపి, కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి, అప్పటికీ తగ్గకపోతే ఎంత దెబ్బకి పలక మోగాలో చెప్పే థ్రెషోల్డ్‌ని కొంచెం కొంచెంగా పెంచాలి. ఎక్కువ పెంచితే మెత్తటి దెబ్బలు మాయమవుతాయి. అప్పుడు ఢోలక్‌లో "గిస్సా" జారుడు ఎలాగూ ఉండదు, సన్నటి పోట్లు కూడా పోతాయి.

నాకు మనసొప్పనిది మాత్రం ఫ్లాపీ పెట్టి చేతులు ఆడించడం. 1983లో మిడి (కరెంటు వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) వచ్చాక ఏ మెట్టు ఎప్పుడు ఎంత బలంగా నొక్కారో దాచుకోవడం సాధ్యమైంది. పాటంతా 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఉంటుంది, కీబోర్డు తనే వాయించుకుంటుంది, మనిషి పైన చేతులు కదుపుతాడు. తర్వాత ఆ స్థానంలోకి పెన్‌డ్రైవ్‌లో గొంతు లేని మైనస్ ట్రాకులు వచ్చాయి. ట్రాకు పెట్టుకుని ఓ గృహిణి మైకులో పాడితే అందులో దాపరికం లేదు, గొంతు ఆమెది, ట్రాకు ట్రాకే. వాయించనిదాన్ని వాయిస్తున్నట్టు చూపించడం వేరు. ఎలా కనిపెట్టేవాళ్లమంటే, గాయకుడు చరణం ఎత్తుకోవడం అర తాళం ఆలస్యం చేస్తే బృందం ఆగదు. ఆగి ఎత్తుకునే హార్మోనిస్టుల్ని విన్న చెవికి ఆ ఆగకపోవడం గట్టిగా తగిలేది.

1997లో వచ్చిన ఆటోట్యూన్, పాడిన గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్, ఇంకో అడుగు. భూగర్భంలో చమురు వెతికే తరంగాల లెక్కలు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ దాన్ని తయారుచేశాడు. రీట్యూన్ వేగం సున్నాకి, అంటే అన్నిటికన్నా ఎక్కువ వేగానికి, పెడితే గొంతు పన్నెండు మెట్లలో ఏదో ఒకదానికి అతుక్కుంటుంది. కంపితాన్ని (ఊగే గమకాన్ని) అది తప్పుగా లెక్కేసి రెండు మెట్ల మధ్య గంతులేయిస్తుంది. మన పాటకి వాడాల్సి వస్తే ఆ అంకె పెంచి వేగం బాగా తగ్గించి, దీర్ఘ స్వరాల మీద మాత్రం పెట్టి, గమకం ఉన్న చోట పూర్తిగా తీసేయడం మేలు.

ఇప్పుడు పిల్లల కోసం ఏ కీబోర్డు కొనమంటారని అడిగేవాళ్లు ఎన్ని శబ్దాలున్నాయో చూస్తుంటారు. నేను ముందు పెట్టెని వెనక్కి తిప్పమంటాను. పెడల్ రంధ్రం ఉందా, ఉంటే ఒకటా రెండా. తర్వాత ముందువైపు స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం ఉందా, ఉంటే రెండు మెట్ల వరకైనా జారుతుందా. టచ్‌ని తీసేసే వీలుందా. స్కేల్ ట్యూనింగ్ ఒక్కో మెట్టుకి విడిగా ఉందా. ఇవి ఉంటే మెట్లు 61 చాలు, శబ్దాలు పది చాలు. ఇవి లేకపోతే 600 శబ్దాలున్నా ఆ పెట్టె పిల్లల చేతికి వదిలే పని చాలా తక్కువ.